గవ్వల దీవిలో మంచినీళ్ల చెలమ

వినండి, ఇది గవ్వల దీవి సంగతి. చుట్టూ ఎటు చూసినా నీళ్లే, తాగడానికి మాత్రం ఇసుకలో తవ్విన చెలమ ఒక్కటే. రాత్రంతా ఊరితే దీవిలో మేకలకీ పీతలకీ సరిపోతాయి, అంతే. అయినా వాళ్ల మర్యాద చూడండి! ఇంటికి చుట్టం వస్తే ముందు చుట్టం తాగాలి, ఇంటివాళ్లు ఆ తర్వాతే.

ఈ మాట అవతలి ఒడ్డున నక్క చెవిన పడింది. పడ్డాక ఊరుకుంటుందా? దుంగెక్కి వచ్చేసింది, వెనకాల ఈదుకుంటూ బాతుల గుంపు.

"అత్తా, చుట్టాల్ని తెచ్చాను! ఇక మీ దీవి దశ తిరిగినట్టే!" అంది ముసలి పీతతో.

"ఎవర్రా నీకు అత్త? సర్లే, వచ్చారుగా, తాగండి," అంది పీత.

తాగితే బాధ లేదండీ! ఒంటికి ఉప్పు పట్టిందని చెలమలో దిగి స్నానాలు! రోజుకో కొత్త గుంపు. సాయంత్రానికి మిగిలేది బురద. ఈ మధ్యే ఈనిన మేక ఒకదానికి, వంతు కోసం నిలబడి నిలబడి నాలుక పిడచకట్టింది, పొదుగు ఎండిపోయింది. పిల్లేమో ఒకటే అరుపు.

"నక్క బావా, ఒక్క గుక్క," అంది మేక.

"ఆగు వదినా! చుట్టాల ముందు పరువు తీస్తావా? అభివృద్ధి అంటే కాస్త ఓర్చుకోవాలి మరి!"

ఎవరు ఓర్చుకోవాలి? ఎవరికి అభివృద్ధి? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు లేదూ!

పీతకి అనుమానమొచ్చింది. తడిరెక్కలు ఆరబెట్టుకుంటున్న బాతుని పలకరించింది. "మా నీళ్లు బాగున్నాయా నాయనా?"

"మీ నీళ్లేంటి? దీవి నక్కగారిదట కదా! తలకో చేప పుచ్చుకుని గానీ రానివ్వలేదు."

పీతకి ఒళ్లు మండిపోయింది. అయినా అరవలేదు. మర్నాడు పొద్దున్నే చెలమ నిండగానే, బాతులన్నీ వినేలా నక్కని అడిగింది.

"అల్లుడూ, ఈ దీవి నీదేనా?"

నక్క బాతుల వైపు చూసింది. కాదంటే బాతులు చేపలు కక్కిస్తాయి. "ఆ... నాదే," అంది.

"ఓహో! అయితే ఇంటివాడివి నువ్వే, మేం నీ చుట్టాలం. బాతులంటావా, చేపలిచ్చి వచ్చినవాళ్లు చుట్టాలెలా అవుతారు? వాళ్ల సంగతి నువ్వు చూసుకో. మేకా, రావే! ముందు నువ్వు తాగు!"

మేక తాగింది. పిల్ల తాగింది. పీతలన్నీ తాగాయి. చివరికి చెలమలో తడి ఇసుకే మిగిలింది.

"మా స్నానమేదీ? మా చేపలేవీ?" అంటూ బాతులు పొడవడం మొదలెట్టాయి. అరిగిపోయిన చేపలు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

"దీవి నాది కాదు బాబోయ్! వాళ్లదే, వాళ్లదే!" అని అరుస్తూ నక్క సముద్రంలో దూకింది.

చుట్టానికి చెంబెడు నీళ్లివ్వండి, చెలమని మాత్రం అప్పజెప్పకండి.