కువో ఊదని వేణువు

అనగనగా, సముద్రం నడుమ ఒక దీవిలో, ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో యంబి అని ఒకాయన ఉండేవాడు. వేణువు వాయించడంలో దిట్ట.

వాళ్ళ వేణువు మన పిల్లనగ్రోవిలా ఉండదు తల్లీ. మనిషంత పొడుగు వెదురు. వేళ్ళు పెట్టే చిల్లులే ఉండవు. ఒక్కోటి మూడో నాలుగో స్వరాలు పలుకుతుంది, అంతే. మిగతావి దాని జోడు వేణువులో ఉంటాయి. అందుకని ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకరు ఆపగానే ఇంకొకరు ఊదుతారు. రెండూ అల్లుకుని ఒక్క పాటవుతుంది. ఎంత తెలివో చూడు! ఆ పాట తమ ముత్తాత ఆత్మ గొంతని వాళ్ళ నమ్మకం.

యంబికి జోడు అతని బావమరిది కువో.

కొత్త పెండలం దుంపలు తవ్వే రోజులొచ్చాయి. పాటలో ఆ తాత గొంతు వినబడ్డాకే ఎవరైనా ముక్క నోట్లో పెట్టాలి. సరిగ్గా అప్పుడే కువో పంది యంబి తోటలో దూరి పాదులన్నీ పెళ్ళగించింది. యంబికి ఒళ్ళు మండింది. "నీ ముక్కూ నీ పంది ముక్కూ ఒక్కటేరా!" అని నలుగురిలో అనేశాడు. అందరూ నవ్వారు.

కువో నవ్వలేదు. "అయితే దాన్నే జోడుగా పెట్టుకో, బావా," అని వేణువు వదిలేసి వెళ్ళిపోయాడు.

పండుగ వచ్చింది. దుంపలు ఉడికాయి. పిల్లలు ఆకులు పరుచుకుని కూర్చున్నారు. యంబి ఒక్కడే ఊదాడు. పాట మెట్లూడిన నిచ్చెనలా తయారైంది.

అప్పుడు రెండు వేణువులూ పెట్టుకుని అటొకసారి, ఇటొకసారి ఊదాడు. ఊపిరందక కూలబడ్డాడు. "తాతకి దగ్గు పట్టిందర్రోయ్," అంది ఒక ముసలమ్మ.

ఆ తర్వాత వేణువులు భుజాన వేసుకుని కువో ఇంటికి నడిచాడు. ఊరంతా వెనకే నడిచింది. అతని వేణువుని గుమ్మం మెట్ల మీద పెట్టి, "మాట జారానురా," అన్నాడు. కువో బయటికి రాలేదు.

యంబి తన వంతు ఊదాడు. కువో వంతు ఖాళీగా వదిలాడు. మళ్ళీ ఊదాడు. మళ్ళీ ఖాళీ.

చిన్నప్పటినుంచీ తన ఊపిరితో నింపిన చోటు కదమ్మా, కువో ఎంతసేపని ఓర్చుకుంటాడు? మూడో ఖాళీ రాగానే గబగబా దిగి వేణువు అందుకున్నాడు. "పాట కోసం వచ్చా, నీ కోసం కాదు," అంటూనే ఊదాడు. ఏటి మీదుగా తాత గొంతు నిండుగా సాగింది.

పాట అయిపోయింది. అయినా ఇద్దరూ ఆపరే! "చాల్లెండి నాయనా, దుంపలు చల్లారిపోతున్నాయి!" అని ముసలమ్మ కేకేసేదాకా ఊదుతూనే ఉన్నారు.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో నీ కళ్ళని చుట్టింది.