చుక్క డొల్లలు, గీత డొల్లలు

కొండ కింద పల్లెలో తెలివి ఎక్కడుందని ఎవరైనా అడిగితే, "మా ఇంట్లోనే" అని మారెప్ప చెప్పేవాడు. ఇంకెవరూ చెప్పరు కాబట్టి పాపం తనే చెప్పుకోవాల్సి వచ్చేది. "అంతా ఇక్కడే ఉండిపోయింది, అందుకే ఊళ్ళోవాళ్ళకి మిగల్లేదు" అనేది అతని పెళ్ళాం సుంకమ్మ. "చేబదులుకు వస్తారేమో" అని తమ్ముడు బీరప్ప లేచి తలుపు గడియ వేసేవాడు.

ఈ మాటలు విని పళ్ళు కొరుక్కునేది ఆ ఇంట్లో ఒక్కతే, అన్నదమ్ముల తల్లి లింగమ్మ. ఆమె మొగుడు జమీందారు దగ్గర వేటగాడు. పోతూ పోతూ ఒక పిస్తోలు వదిలిపోయాడు. అది ఢామ్మంటేనే అడవిపందులు శెనక్కాయ చేను వైపు రావు. చేను నిలిస్తేనే ఏడాదంతా ఆ ఇంట్లో నూనె, విత్తనం, పూటకింత సంగటి. అందుకని లింగమ్మ కాల్చేసిన తూటాల ఇత్తడి డొల్లలు ఏరుకొచ్చి, చింతపండుతో తోమి, మందూ గుండూ మళ్ళీ తనే కూరి పెట్టుకునేది.

ఆ ఏడు సరిగ్గా కాయ ఊరే వేళకి కూతురికి కాన్పు దగ్గరపడింది. లింగమ్మ మూట కట్టుకుని ముగ్గుర్నీ ఎదురుగా కూర్చోబెట్టింది.

"చూడండిరా, ఈ డొల్లలు పైకి ఒక్క తీరుగా ఉంటాయి గానీ ఒక్కటి కాదు. అడుగున చుక్క ఉన్నది పలచన. గీత ఉన్నది మందం, దాని కడుపులో చోటు తక్కువ. చుక్కదానికి కొలిచిన మందు గీతదాంట్లో కూరితే పిస్తోలు చేతిలోనే పేలతాది. ఆ పని నాది, మీరు మందు జోలికి పోవద్దు. పంది కనబడితే పైకి కాల్చండి, డొల్ల ఏరండి. చుక్కవి ఒక డబ్బాలో, గీతవి ఇంకో డబ్బాలో. కలపొద్దు. నేనొచ్చేసరికి పిస్తోలుండాలి, ఇల్లుండాలి, చేనుండాలి."

"కలిపితే?" అన్నాడు బీరప్ప.

"నీ వీపు ఉండదు" అని లింగమ్మ బండెక్కింది.

ఒక మంచి మాట చెప్పి చూడండి, ఎవరికీ మూడో రోజుకి గుర్తుండదు. కలపొద్దు, ముట్టుకోవద్దు అని చెప్పండి, ప్రాణం పెట్టి పాటిస్తారు. ఈ ముగ్గురూ మనుషులే కదా.

ఆ సాయంత్రమే పందులొచ్చాయి. మారెప్ప చుక్క తూటా వేసి పైకి కాల్చాడు. ఢాం. పందులు కొండెక్కాయి. డొల్ల ఏరి చుక్క డబ్బాలో వేశాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

సుంకమ్మ డబ్బాల వైపు చూసి ముక్కున వేలేసుకుంది. "ఏమయ్యా, రెండు డబ్బాలూ భుజాలు రాసుకుంటున్నాయి."

అంతే. చుక్క డబ్బా వంటింట్లోకి, గీత డబ్బా అటక మీదికి పోయాయి.

"అన్నా, నీ చెయ్యి చుక్కదాన్ని ముట్టింది. అదే చేత్తో గీతదాన్ని ముడితే కలిసినట్టే" అన్నాడు బీరప్ప.

"నిజమేరా. చుక్కవి నేను చూసుకుంటా, గీతవి నువ్వు."

బాగానే ఉంది. రాత్రి ఇద్దరూ ఒకే సంగటి కుండలో చెయ్యి పెట్టబోయారు. సుంకమ్మ కెవ్వుమంది. ఇంకేముంది, రెండు పొయ్యిలు, రెండు కుండలు వచ్చాయి. మరి వండేది ఒక్కతే కదా అంటే, దానికీ ఆలోచించింది మహాతల్లి. మొగుడికి కుడిచేత్తో, మరిదికి ఎడంచేత్తో వండింది. మరిది కళ్ళకద్దుకుని తిన్నాడు.

"ఒకే ఇంట్లో ఉంటే గాలి కలుస్తుంది" అన్నాడు మారెప్ప తేన్చి. అంతే, నట్టింట్లో మట్టిగోడ లేచింది. గోడ ఆరాక చూస్తే వీధి తలుపు మారెప్ప వైపే ఉంది. బీరప్ప ఏమాత్రం తొణకలేదు. పెంకులు తీసి పైనుంచి దిగాడు. వానొచ్చినప్పుడు వాడితో పాటు వానా దిగింది.

మళ్ళీ పందులొచ్చాయి. ఈసారి వంతు బీరప్పది. గీత తూటా పట్టుకుని పిస్తోలు వాసన చూశాడు.

"అన్నా, దీని కడుపులో నీ చుక్క పొగ ఉంది. నా గీత తూటా ఎట్లా దూరతాది?"

"కడుగుదాం."

"కడిగితే పోయేదా ఇది?"

అటు పందులు శెనక్కాయ తీగలు పెళ్ళగిస్తున్నాయి. చివరికి సుంకమ్మే దారి చూపింది. "ఇల్లు పంచుకున్నాక పిస్తోలు పంచుకోరా?"

అన్నదమ్ములు ఆకురాయి తెచ్చి రెండు రోజులు రాశారు. గొట్టం మారెప్పకి వచ్చింది, పిడి బీరప్పకి. గట్టు మీద నిలబడి బీరప్ప పిడి నొక్కితే టిక్కుమంది. మారెప్ప గొట్టం నోట్లో పెట్టుకుని "ఢాం" అన్నాడు. పందులు తలెత్తి ఒకసారి చూసి, మర్యాదగా మళ్ళీ తవ్వుకున్నాయి.

అప్పుడు బీరప్ప పందుల వైపు వేలు చూపించాడు. "అన్నా, చూడు. పెద్ద పందులకి గీతల్లేవు. పిల్లల ఒంటి నిండా గీతలే. అన్నీ కలిసి మేస్తున్నాయి."

"అమ్మకి తెలిస్తే ఉంటుందా మన వీపు" అన్నాడు మారెప్ప.

ఇంకేముంది. చేను చుట్టూ ఉన్న ముళ్ళకంపకి తూర్పున ఒక గండి, పడమట ఒక గండి కొట్టారు. గీత పిల్లల్ని గంపల కింద మూసి పడమటికి చేర్చారు, తల్లుల్ని తూర్పుకి తోలారు. పిల్లలు కీచుమన్నాయి. పిల్లల అరుపు విన్న పంది తల్లికి తూర్పేమిటి, పడమరేమిటి? ఆ గట్టు నుంచి ఈ గట్టుకి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఒకటే ఉరుకు. పది నాగళ్ళు కట్టినా చేనుని అంత లోతున దున్నలేం.

సరిగ్గా అప్పుడే ఇంటి ముందు లింగమ్మ బండి దిగింది. అన్నదమ్ములు చేలోంచి పరిగెత్తుకొచ్చి, మారెప్ప తలుపులోంచి, బీరప్ప పెంకుల్లోంచి ఇంట్లో దూరారు.

"పిస్తోలేదిరా?"

"ఒకటి అప్పగించి పోయావు. రెండు చేశాం" అన్నాడు మారెప్ప.

"ఇల్లు?"

"అదీ రెండే" అంటూ బీరప్ప పెంకుల్లోంచి తల బయటపెట్టాడు.

"చేను?" అంది లింగమ్మ.

"అదొక్కటీ నీ కొడుకులకి చేతకాలేదత్తా. పందులు చూసుకుంటున్నాయి" అంది సుంకమ్మ.

లింగమ్మ వాకిట్లో చీపురు అందుకుని చేలో పడింది. ముందు గంపలు తన్ని పిల్లల్ని వదిలింది, తర్వాత తల్లుల వీపు మీద ఒక్కటొక్కటే వేసింది. రెండు ముక్కల పిస్తోలుకి భయపడని పంది కూడా ఆ ముసలిదాని చీపురుకి కొండెక్కింది. గట్టు వారన కాస్త చేను దక్కింది. విత్తనానికి సరిపోద్ది, సంగటికి కూలికి పోవాలి. ఆ సంగతి కళ్ళతోనే కొలుచుకుని, అదే చీపురుతో ఇంటికి తిరిగొచ్చి మారెప్ప మీదికి ఎత్తింది.

"ఆగమ్మా" అన్నాడు మారెప్ప ఒళ్ళు ముడుచుకుని. "అది పందుల్ని ముట్టిన చీపురు."

లింగమ్మ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఈ లోపల బీరప్ప పైకెక్కి, పెంకుల్లోంచి దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి, కొత్త చీపుళ్ళు రెండు తెచ్చాడు. ఒకదాని పిడి మీద బొగ్గుతో చుక్క పెట్టాడు, ఇంకోదాని మీద గీత గీశాడు. చుక్కది అన్న తరఫున, గీతది తన తరఫున తల్లి చేతికిచ్చి, ఇద్దరూ వీపులు తిప్పి నిలబడ్డారు.

సుంకమ్మ కూడా వచ్చి వాళ్ళ పక్కన నిలబడింది.

"అత్తా, నేను రెండు చేతుల్తోనూ వండినదాన్ని. నాకు కుడి పక్క చుక్కదాంతో, ఎడమ పక్క గీతదాంతో వెయ్యి. కలిపేవు సుమా, చెప్పింది నువ్వే."