ఆకు మీద చెయ్యి

ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు. ఎవరైనా నాకు ఏదైనా ఇస్తే సంతోషం రాదు, కోపం వస్తుంది.

ఇవ్వమంటే ఇస్తాను. ఇంట్లో ఉన్నది ఊడ్చి ఇస్తాను. తీసుకోవాలంటేనే చెయ్యి ముందుకు రాదు.

ఈ ఏడు మా మిర్చికి బొబ్బర తెగులొచ్చి చేనంతా ముడుచుకుపోయింది. సంగతి తెలిసి, పక్క ఊళ్లో ఉండే మా రాహేలు వదిన ఒక సంచి కందిపప్పు పంపింది. తనే వేయించి, తిరగలిలో విసిరి, చెరిగి, సంచి మూతికి పాత నీలం చీర అంచు కట్టింది. అసలే నడుం నొప్పి మనిషి.

నేను ఆ ముడి కూడా విప్పలేదు. తెచ్చిన ఆటోలోనే తిప్పి పంపేశాను. "మాకు జరుగుతోందని చెప్పు" అన్నాను ఆటో అతనితో.

రోజూ పొద్దున్నే ఫోన్ చేసే వదిన ఆ తర్వాత చెయ్యలేదు.

కోత పండగ ఆదివారం వచ్చింది. ఆ రోజు మా గుడిలో ఎవరి పంటలో ముందు కోసింది వాళ్లు తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటితోనే అందరికీ ప్రేమ విందు వండుతారు.

నేను గుమ్మడికాయ మోసుకెళ్లాను. మా రేకుల మీద పాకిన తీగకు కాసింది ఆ ఒక్కటే. "అబ్బో, జెమీమా తెచ్చిన కాయ చూడండర్రా, పసిపిల్లాడంత ఉంది!" అన్నారెవరో.

కాయ దించిన చోట, పక్కనే, నీలం అంచు కట్టిన సంచి ఉంది. ముడి అలాగే ఉంది. వదిన రాలేదు, సంచిని పంపింది.

వంట దగ్గర కరుణమ్మ పెద్దమ్మ కనిపించింది. బడికెళ్లని నేను కూడబలుక్కుంటూ చదవడమైతే నేర్చుకున్నాను గానీ, చదివిన బైబిలు వాక్యం నాకు విప్పి చెప్పింది ఆవిడే. ఆవిణ్ణే అడిగాను.

"పెద్దమ్మా, ఉన్నదంతా ఇచ్చినా మనసు బరువుగానే ఉందేంటి?"

ఆవిడ గుండిగలో పప్పుచారు తిప్పుతూ నన్ను ఒకసారి చూసింది. "ఆకలేమోనే. పోయి బంతిలో కూచో."

"నేనెప్పుడూ వడ్డిస్తాను గదా."

"ఎప్పుడూ చూస్తున్నాలే" అని నా చేతిలో బకెట్టు లాక్కుంది.

కూచున్నాను. ఎదురు వరసలోంచి మార్తమ్మత్త, "జెమీమా కూచుందర్రా! వానొస్తదేమో, ఆరబోసిన మిరపకాయలు ఎత్తుకోండి" అని కేకేసింది. బంతంతా ఒకటే నవ్వు.

పెద్దమ్మే వడ్డిస్తూ వచ్చింది. గుమ్మడి ముక్కలు తేలుతున్న పప్పుచారు. ఆ కమ్మటి వాసన ఏ పప్పుదో నాకు తెలుసు. అది ఏ చెయ్యి వేయించిందో కూడా తెలుసు.

"చాలు చాలు" అంటూ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

పెద్దమ్మ ముందుకు పోలేదు. నిండు గరిటె పట్టుకుని అలాగే వంగి నిలబడింది.

నేను చెయ్యి తియ్యలేదు. ఆవిడా కదల్లేదు. "పెద్దమ్మా, ఇక్కడ ఉత్త అన్నం చూస్తా కూచున్నాం!" అని వరస చివర గోల. గరిటె వణికి, ఒక చుక్క నా చేతి మీద పడింది.

"ఎంతసేపు వంగి నిలబడమంటావే?" అంది. నవ్వుతూనే అంది.

నాకు వదిన నడుం గుర్తొచ్చింది.

చెయ్యి తీశాను. ఆవిడ ఒక గరిటె పోసి, మీద ఇంకోటి పోసింది. ఆకు దాటి పారబోతుంటే అన్నంతో కట్ట కట్టాను. ముక్క వెన్నలా ఉంది. పప్పు, ఏం చెప్పను, వేళ్లు నాక్కున్నాను. రెండోసారి నేనే పిలిచాను. "పెద్దమ్మా, ఇటు!"

"మిరపకాయలు ఎత్తారా లేదా?" అంది మార్తమ్మత్త.

చెయ్యి కడుక్కున్నాక వదినకు ఫోన్ చెయ్యాలనుకున్నాను. తప్పయిందని చెబుదామా? అది తర్వాత. ముందు అడగాలి. "వదినా, ఆ పప్పు ఇంకా ఏమన్నా ఉందా? నాక్కావాలి" అని.

అయినా చెయ్యి కడుక్కునేదాకా ఎందుకు? ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంది.