దివాను గడపకొచ్చిన పాదాలు

రథాలకే బాటలున్న ఓ రాజ్యంలో, బడిపిల్లలకు కాలిబాట వేయించమంటే "ఖజానా మీ తాత సొమ్మా?" అని గద్దించాడు దివాను. ఎడమకాలికి చిటికెనవేలు లేని తన కూతుర్ని రథం కింద పోగొట్టుకున్న నూకాలే అలా అడిగింది.

కృష్ణాష్టమినాడు ఎవరి వాకిట్లో వాళ్లు చిన్నికృష్ణుడి పాదాలు వేసుకుంటారు. దివాను గడపకు మాత్రం ముగ్గుపాదాలు రథాలబాట నుంచే వచ్చాయి, ఒక్కో జత ఒక్కో కొలతలో.

"ఎవరివే ఇవి?" గడప దాటకుండానే, వాకిట్లో పనిచేసే నూకాల్ని అడిగాడు దివాను.

ముగ్గంటిన చేతులు కొంగులో దాచుకుంది నూకాలు. "బాటమీద పోయిన పిల్లలవి, దొరా. నడవడానికి దారి లేదుగా, లేదన్నవారింటికే వస్తున్నారు. ఇవాళ గడపదాకా వచ్చారు."

"దారి వేయిస్తే?"

"బడికి పోతారు."

నెల తిరక్కుండా కాలిబాట పడింది. మొదటిరోజు అందరికంటే ముందే వెళ్లి చూసింది నూకాలు. తడిమట్టిలో చిన్నిపాదాలు బడివైపు సాగిపోయాయి. ఎడమపాదానికి నాలుగే వేళ్లు.