మేలిమి అల్లిన రెండు గదుల గూడు

అనగా అనగా ఒక వాగు, ఆ వాగు మీదికి వంగిన ఈతచెట్లు, ఆ చెట్ల నిండా గిజిగాళ్ళు. ఎండాకాలం చివరికొచ్చింది. ఆ ఏడు వనంలో ఎవరి కాలూ ఒకచోట నిలవడం లేదు. ఎందుకంటే కొత్త అల్లిక రాబోతోంది.

ఇప్పటివాళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుని, పదిమందీ కలిసి సాఫ్ట్‌వేర్ రాసి, లోపలి గుట్టంతా విప్పి చూపించి, ఊరికే పంచిపెడుతుంటారు కదా. అదేదో తామే కనిపెట్టామనుకుంటారు పాపం. గిజిగాళ్ళకి ఆ పద్ధతి ఏనాటి నుంచో ఉంది. వాళ్ళ గూటి అల్లిక ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనా విప్పి చూడవచ్చు, నేర్చుకోవచ్చు, మెరుగు పెట్టవచ్చు. కట్టుబాటు మాత్రం ఒకటుంది. గూడు సగమై బోర్లించిన కుండలా ఉన్నప్పుడే అమ్మలక్కలకి చూపించాలి. వాళ్ళు దాని మీద వాలి, ముక్కుతో పీకి, ఊగి, తప్పులు పడతారు. ఆ తరవాతే తక్కిన సగం.

చిన్నచిన్న మార్పులు ఏటా జరిగేవే. ఈసారిది పెద్దది. పాము దూరలేనంత పొడుగు గొట్టం, దాంతో పాటు ఎవరూ కలలోనైనా అనుకోని రెండో గది. ఈ పనికి పెద్దగా మేలిమి అనే గిజిగాణ్ణి ఎన్నుకున్నారు. బంగారు రంగు తల కాబట్టి అతనికి ఆ పేరు. తొలి మబ్బు కనిపించిన మర్నాడే విడుదల అని నిర్ణయమైంది. గోరువంక ఆ కబురు చుట్టుపక్కల వనాలన్నిటికీ మోసుకెళ్ళింది. మోస్తూ మోస్తూ మూడు గదులని కూడా చెప్పింది.

సంతోషంతో మేలిమికి తిండి సయించడం లేదు. కళ్ళు మూసినా గూడే, తెరిచినా గూడే. అందరూ ఒక్కసారిగా చూసి నోరు వెళ్ళబెట్టాలని అతని ఆశ. ఆ ఆశకి ఒకటే అడ్డం. ఆ అడ్డం పేరు నసమ్మ.

నసమ్మ ముసలి ఆడపక్షి. ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఏ గూడు చూపించినా ఆమెకి ఒక వంక దొరికేది. కిందటేడు మేలిమి గూటినే అందరి ముందూ పీకి పోగులు పెట్టింది. అందుకని ఈసారి మేలిమి గుబురు మట్టల వెనక, ఇద్దరు స్నేహితులతో, గుట్టుగా అల్లడం మొదలుపెట్టాడు. సగం గూడు ఎవరికీ చూపించలేదు.

నసమ్మ ఊరుకుంటుందా. ఒకనాడు వచ్చి గూడు చూపించమంది. ఇంకా నార చీలుస్తున్నామని తప్పించుకున్నాడు. ఇంకోనాడు వచ్చింది. ఎండ మండిపోతోంది, నీకెందుకు శ్రమ అన్నాడు. మూడోసారి వచ్చేసరికి గొట్టం కూడా దిగిపోయింది.

“విడుదలనాడు అందరితో పాటు చూద్దువుగాని అత్తా,” అన్నాడు.

“అందరితో పాటు చూస్తే నాకింక మెచ్చుకోవడమే మిగులుతుంది నాయనా,” అని నసమ్మ ఎగిరిపోయింది.

ఆ మాట మేలిమికి గుచ్చుకుంది గాని, పట్టించుకునే తీరిక ఏదీ? నైరుతి మూల తొలి మబ్బు లేచింది. కొండవాలు గిజిగాళ్ళు, చెరకుతోటల గిజిగాళ్ళు గుంపులు గుంపులుగా దిగుతున్నారు. ప్రతి కొమ్మా కిచకిచలే. అల్లిక నేర్చుకుపోయి, గూళ్ళు కట్టి, వానలు ముదిరేలోగా గుడ్లు పెట్టాలని అందరి తొందర.

ఆ సాయంత్రం మేలిమి ముచ్చటకొద్దీ గూటిని ఒకసారి పరీక్షించుకున్నాడు. గుడ్లకు బదులు మూడు ఈతకాయలు తెచ్చి లోపల పెట్టాడు. ఈదురుగాలి లేచింది. గూడు ఊగింది, ఒక కాయ దొర్లి గొట్టంలోంచి వాగులో పడింది. గూడు గిర్రున తిరిగింది, రెండోది పడింది. మూడోదానికి మేలిమి రెక్క అడ్డం పెట్టాడు. అదీ పడింది.

రేపు ఈ అల్లికే వనవనాలకీ వెళ్తుంది. ఆ గూళ్ళలో ఉండేవి కాయలు కావు, గుడ్లు.

చూసింది ఒక్క గోరువంకే. అది పక్కన చేరి, గాలి రోజూ వీస్తుందా అని, ఇంతమందిని పిలిచి కాదంటే తల ఎక్కడ పెట్టుకుంటావని నూరిపోసింది. మేలిమి తలూపాడు కూడా. కాని వాగులో కొట్టుకుపోయిన కాయలు కళ్ళముందు నుంచి కదలలేదు.

తెల్లవారింది. వనమంతా చూస్తుండగా మేలిమి మట్టలు తొలగించాడు. పొడుగాటి గొట్టం, రెండు గదులు, ఎండలో మెరిసే కొత్త నార. ఆహా అన్నారు అందరూ. ఆ ఆహా కోసమే అతను ఇన్నాళ్ళూ ఎదురుచూశాడు.

“ఇది పనికిరాదు,” అన్నాడు మేలిమి. “నిన్నటి గాలికి ఇందులో పెట్టిన కాయలన్నీ వాగులో పడ్డాయి. కట్టుబాటు తప్పి సగం గూడు మీకు చూపించలేదు. తప్పు నాది. అత్తా, వచ్చి చూడు. ఎంత పీకితే అంత మేలు.”

గోరువంక తల రెక్కలో దాచుకుంది. నసమ్మ మాత్రం ఎన్నడూ లేనంత హుషారుగా వచ్చి వాలింది. లాగింది, ఊగింది, లోపలికి దూరి వచ్చింది. రెండో గది బరువుకి గూడు ఒక పక్కకి ఒరుగుతోందని తేల్చింది. లోపల తడిమట్టి మెత్తితే ఊపు తగ్గుతుందని కొండవాలు గిజిగాడొకడు చెప్పాడు. గుడ్ల పక్కన గట్టు ఎత్తుగా అల్లాలని చెరకుతోటల నుంచి వచ్చిన ఒకామె చెప్పింది.

ఇక చూడాలి ఆ సందడి. చుట్టాలుగా వచ్చినవాళ్ళంతా పనిలోకి దిగారు. ఒకరు నార చీలిస్తే ఒకరు అల్లారు, ఒకరు మట్టి తెస్తే ఒకరు మెత్తారు. రెండో గదిని మాత్రం మేలిమి తన ముక్కుతోనే విప్పాడు. ఒక్కో పోగు లాగుతుంటే ప్రాణం ఉసూరుమంది.

“గది మంచిదే, దానికింకా వేళ రాలేదు,” అంది నసమ్మ. “వచ్చే ఏడు చూద్దాం. సగంలోనే నన్ను పిలు.”

మధ్యాహ్నానికి గూడు సిద్ధమైంది. మళ్ళీ మూడు కాయలు పెట్టారు. మబ్బు కమ్మి, నిన్నటికంటే పెద్ద గాలి వీచింది. గాలి తగ్గాక నసమ్మ లోపలికి దూరింది. ఎంతకీ రాదే. చివరికి గొట్టంలోంచి ముక్కు బయటపెట్టి, మూడూ ఉన్నాయంది.

“వంకేమీ లేదా అత్తా?” అని అడిగాడు మేలిమి, ఇంకా నమ్మలేక.

“ఉంది. వాన వచ్చేస్తోంది, నేర్చుకున్నవాళ్ళు ఇంకా ఇక్కడే నిలబడ్డారు.”

అంతే, రెక్కల చప్పుడుతో వనం మారుమోగిపోయింది. కొత్త అల్లిక నలుదిక్కులకీ ఎగిరిపోయింది. ఆ వానాకాలం ఎన్ని గాలులు వీచినా ఏ వనంలోనూ గుడ్డు జారలేదు.

కాబట్టి పిల్లలూ, పదిమందికీ పంచబోయే పనిని సగంలో ఉండగానే తప్పులు పట్టేవాళ్ళ ముందు పెట్టాలి.