గున్నమ్మ కుండ పరుగు

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రం ఒడ్డునే, గున్నమ్మ అని ఒక పిల్ల ఉండేది. కాళ్ళు దుప్పట్లోకి లాక్కుని పడుకో, చెబుతాను. ఊఁ కొట్టడం మానేస్తే కథ అక్కడే ఆగిపోతుంది. మళ్ళీ మొదట్నుంచి చెప్పమంటే చెప్పను.

గున్నమ్మకి ఎనిమిదేళ్ళు. వాళ్ళ అయ్య పేరు దానయ్య, అమ్మ పేరు ఎర్రమ్మ. దానయ్య వల వేస్తేనే ఇల్లు గడిచేది. ఆ ఒడ్డు మొత్తానికి పరుగులో అతన్ని మించినవాడు లేడు. ఇసకలో పరిగెట్టినా మడమ దిగబడేది కాదు.

గున్నమ్మ పరుగు వేరు. పాదాలు రెండూ చెరోవైపుకి తిరిగి, ఇటొక ఊపు, అటొక ఊపు. పక్కింటావిడ చూసినప్పుడల్లా "ఒలే, బాతొస్తంది, దారియ్యండే!" అని నవ్వేది. ఆవిడ పేరు నాకు బాగా తెలుసు. ఈ నోటితో చెప్పను.

ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. ఏటా చేపల వేట మొదలయ్యే ముందు గంగమ్మకి కుండ పరుగు. ఇంటికొక కుండ. దాన్ని కెరటంలో ముంచి, ఉట్టిలో పెట్టి, పొడుగాటి కర్రకి వేలాడదీస్తారు. కర్రకి ఒక కొస ఇంటి పెద్ద భుజం మీద, రెండో కొస ఆ ఇంటి పేరున్న పిల్ల భుజం మీద. అలా ఒడ్డు నుంచి బయల్దేరి, ఇసకదిబ్బ ఎక్కి, సరుగుడు తోట దాటి, గంగమ్మ గుడి మెట్ల దాకా పరిగెట్టాలి. కుండకి సున్నంతో ఒక గీత ఉంటుంది. నీళ్ళు ఆ గీత కిందికి దిగిపోతే, ఎంత ముందొచ్చినా ఒప్పుకోరు. ముందు చేరిన ఇంటిది మొదటి వల వంతు. ఆ తర్వాత చేరినవాళ్ళది రెండో వంతు. అలా వరసగా. ఆఖరి వంతు వాళ్ళ వలలో పడేది నాచు, గుల్లలు.

పోయినేడు దానయ్య గున్నమ్మని తీసుకెళ్ళాడు. తను ముందు, పిల్ల వెనక. పెద్దవాళ్ళు ముందుండటం అక్కడ మామూలు. అప్పుడేమైంది? పిల్ల పొట్టిది కదా, కర్ర వెనక్కి వాలింది. ఉట్టి జర్రున జారి పిల్ల మీదికొచ్చింది. సరుగుడు వేరు కాలికి తగిలి గున్నమ్మ బోర్లాపడింది. కుండ పగిలింది. ఆ ఏడంతా ఇంట్లో గంజే.

దానయ్య తిట్టలేదు. కానీ ఆ రోజంతా పిల్లతో మాట్లాడలేదు. తిడితే ఏడ్చి ఊరుకునేది. మాట్లాడకపోయేసరికి అది లోపల ముల్లులా దిగిపోయింది. అప్పట్నుంచి పరుగంటే గున్నమ్మకి భయం.

మళ్ళీ వేట దగ్గర పడింది. "గున్నా, తెల్లారి నాతో పరుగుకి రా" అన్నాడు దానయ్య.

మొదటి రోజు అతను నాలుగు అంగల్లో పడవల దాకా వెళ్ళిపోయి, అక్కణ్ణుంచి తొడ చరిచి "రా, రా!" అని అరిచాడు. గున్నమ్మ సగం దూరంలోనే ఆగిపోయింది.

రెండో రోజు బెల్లంముక్క చూపించాడు. పిల్ల బెల్లం దాకా పరిగెట్టింది. బెల్లం చప్పరిస్తూ కూర్చుంది. ఇంక లేవలేదు.

మూడో రోజు కోప్పడ్డాడు. పిల్ల ఏడ్చింది. పక్కింటావిడ గుమ్మంలోంచి "బాతుని అదిలిస్తే గుర్రమవుద్దేటి దానయ్యా?" అంది. అడిగారా ఆవిణ్ణి?

ఆ తర్వాత దానయ్య ఎర్రమ్మతో అన్నాడు. "ఈ ఏడు మా అన్న కొడుకుని తీసుకెళ్తాను. ఇంకో ఏడు గంజి తాగలేం."

తడిక అవతల ఉన్న గున్నమ్మ ఆ మాట వింది. పరుగు తప్పిందని సంతోషపడాలి కదా? పడలేదు. అయ్య కర్రకి రెండో కొస ఇంకెవరి భుజం మీదో ఉంటుందట. 

మర్నాడు తెల్లవారుతూనే ఎర్రమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని "రాయే, ఒడ్డుకెళ్దాం" అంది.

"నాను పరిగెట్టను."

"పరిగెట్టమన్నదెవులే? కెరటం కాలికి తగలకుండా చూసుకో. తగిలినోళ్ళు ఓడినట్టు."

మొదటి కెరటం వచ్చింది. ఇద్దరూ వెనక్కి ఉరికారు. ఎర్రమ్మ కాళ్ళు తడిసిపోయాయి. "అమ్మ ఓడిపోయింది!" అని గున్నమ్మ ఎగిరింది. రెండో కెరటానికి గున్నమ్మ తడిసింది. మూడో కెరటానికి ఇద్దరూ దొరకలేదు. అప్పుడు ఎర్రమ్మ ఆయాసపడుతూనే ఒక పాట కట్టింది.

"అమ్మ అడుగు ఒకటి, పిల్ల అడుగు రెండు,
అల అందకముందే అవతల ఉండు!"

పాట పాడుతూ, కెరటాన్ని తప్పించుకుంటూ, ఎర్రపీతలు గోతుల్లోకి దూరుతుంటే వాటి వెంటపడుతూ, పడవలన్నీ దాటిపోయారు. దానయ్య బెల్లానికి రాని దూరం, కోపానికి రాని దూరం, పిల్ల నవ్వుతూ వెళ్ళిపోయింది.

వల బాగుచేసుకుంటున్న దానయ్య ఇదంతా చూశాడు. అప్పుడు లేచి తడి ఇసక దగ్గరికొచ్చాడు. కూతురి అడుగుల పక్కన తన అడుగు వేసి చూశాడు. తనది ఒకటి పడే చోట పిల్లవి రెండు పడ్డాయి, పైన ఇంకొంచెం. ఇన్నాళ్ళూ ముందు పరిగెట్టాడు. వెనకాల ఏం జరుగుతోందో ఎప్పుడైనా చూశాడా? పెద్దవాళ్ళకి కళ్ళు ముందుంటాయి, బుద్ధి మాత్రం వెనకొస్తుంది.

"గున్నా, నన్ను కూడా ఆడనిస్తావేటి?"

గున్నమ్మ ఆలోచించింది. "నా ఎనకాలే రావాలి. దాటిపోతే ఆట లేదు."

"దాటను."

"అమ్మ మీద ఒట్టు?"

"నా మీద ఎందుకే, మీ అయ్య మీదే ఎయ్యి!" అంది ఎర్రమ్మ.

ఆ తర్వాత పది రోజులు ముగ్గురూ పరిగెట్టారు. అన్న కొడుకు ఊసు దానయ్య మళ్ళీ ఎత్తలేదు.

కుండ పరుగు రోజు వచ్చింది. దానయ్య పిల్లని ముందు పెట్టి, తను వెనక నిలబడ్డాడు. ఉట్టి జారకుండా తన భుజం పక్కనే కొబ్బరితాడుతో ముడేశాడు. కుండ బరువంతా అతని మీదే పడింది.

పక్కింటావిడ ఊరుకుంటుందా? "ఏటి దానయ్యా, బాతుని బండికి కట్టినావు?"

"బాతు నీళ్ళు ఒలకబోయదులే వదినా" అన్నాడు దానయ్య. ఆవిడ గిరుక్కున తిరిగి తన కుండ దగ్గరికి పోయింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు చల్లగా ఉంటుంది.

డప్పు మోగింది. అందరూ రివ్వున పోయారు. గున్నమ్మ పాట మొదలెట్టింది. ఇటొక ఊపు, అటొక ఊపు. ఆ ఊపుకే దానయ్య అడుగు కలపడంతో కుండలో నీళ్ళు నిలకడగా ఉన్నాయి. ఇసకదిబ్బ ఎక్కారు. దిబ్బ దిగారు. ఆ తర్వాత సరుగుడు తోట వచ్చింది. పోయినేడు పడిన వేరు అక్కడే, అలాగే ఉంది.

గున్నమ్మ ఆగిపోయింది.  పక్కనుంచి రెండు కుండలు దాటిపోయాయి.

పోయినేటి దానయ్య అయితే కర్ర తోసేవాడు. ఇప్పుడు తోయలేదు. "పోయినేడు ఇక్కడ దెబ్బ తగిలిందేటమ్మా?"

"మోకాలికి."

"ఆ రోజే అడగాల్సింది. అడగలేదు. తప్పు నాది" అన్నాడు. "బరువు నాది, అడుగు నీది. నువ్వు ఎప్పుడంటే అప్పుడే కదులుదాం."

గున్నమ్మ ముక్కు తుడుచుకుంది. వేరుని ఒకసారి చూసింది. అప్పుడు "అయ్య అడుగు ఒకటి" అంది. వెనకనుంచి దానయ్య "పిల్ల అడుగు రెండు" అన్నాడు. వేరు దాటేశారు. మెట్ల దాకా ఇంక ఆగలేదు.

వాళ్ళకంటే ముందు నాలుగు కుండలు చేరాయి. కానీ మూడింటిలో నీళ్ళు గీత కిందికి దిగిపోయాయి. గున్నమ్మ కుండలో గీతకి రెండు వేళ్ళ పైన ఉన్నాయి. అందుకని రెండో వంతు వీళ్ళకొచ్చింది.

మొదటి వంతు ఎవరిదంటావా? పక్కింటావిడ వాళ్ళది. ఏం చేస్తాం? జరిగింది జరిగినట్టే చెప్పాలి. కథకి అబద్ధం కలిపితే నిద్ర పట్టదు. రెండో వంతుకీ చేపలు పడతాయి. ఆ ఏడు ఎర్రమ్మ పొయ్యి మీద పులుసు ఉడకని రోజు లేదు.

మర్నాడు, పరుగు అయిపోయింది కదా అని దానయ్య ముసుగుతన్ని పడుకున్నాడు. ఎవరో కాలి బొటనవేలు పట్టుకుని లాగారు.

"అయ్యా, లెగు. కెరటాలొచ్చేసినాయి."

"పరుగైపోయింది కదే అమ్మా."

"కుండ పరుగైపోయింది. మన పరుగవలేదు."

దానయ్య లేచాడు. ఎర్రమ్మ అప్పటికే కుచ్చెళ్ళు దోపుకుని గుమ్మంలో ఉంది. ముగ్గురూ ఒడ్డుకి వెళ్ళేసరికి పక్కింటావిడ కూతురు అక్కడ నిలబడి ఉంది. "నన్నూ రానిస్తావా?" అని అడిగింది. గున్నమ్మ రానిచ్చింది. నేనైతే నాలుగు రోజులు బతిమాలించుకునేదాన్ని. గున్నమ్మ మనసు పెద్దది.

ఏం, ఊఁ కొట్టడం మానేశావు? నిద్రొచ్చిందా? సరే. తెల్లారి మీ అమ్మానాన్నల బొటనవేళ్ళు పట్టుకుని లాగు. బద్ధకిస్తే నా పేరు చెప్పు.

అయ్య అడుగు ఒకటి, పిల్ల అడుగు రెండు,
తెల్లవారేసరికి తయారై ఉండు!
కథ పరిగెట్టింది కంచికి,
మనం మెల్లగా నడుద్దాం ఇంటికి.