స్తెఫాను పండుగనాటి రాళ్ళు

అనగనగా ఒక ఊళ్ళో, గుట్టరాయి కొట్టుకుని బతికే జనం ఉండేవాళ్ళు. అందరూ క్రైస్తవులే. క్రిస్మస్ మరునాడు వాళ్ళకి పునీత స్తెఫాను పండుగ. స్తెఫాను ఎవరనుకున్నావు? మొట్టమొదటి వేదసాక్షి. వేదసాక్షి అంటే, ప్రాణం తీస్తామన్నా నమ్మిన దేవుణ్ణి వదలనివాడు. ఆయన్ని రాళ్ళతో కొట్టి చంపారు తల్లీ.

అందుకని ఆ రోజు ఆ ఊళ్ళో ఎవరూ సుత్తి ముట్టరు. ఇంటికొకరు ఒక రాయి పట్టుకుని గుడికి పోతారు. పూజలో ఆ రాయిని స్తెఫాను స్వరూపం పాదాల దగ్గర పెట్టి, "ఇది ఎవరి మీదా విసరను స్వామీ" అని దణ్ణం పెడతారు. అదీ వాళ్ళ ఆచారం.

ఆ ఊళ్ళో శౌరమ్మ అని ఒక పిల్ల. నీ అంతే ఉంటుంది. ఆ ఏడు పండుగకి దానికి సంతోషం లేదు, అంతా భయమే. ఊళ్ళో పిల్లలకి జ్వరాలు మరి! మొదట పక్కింటి పిల్లకి వచ్చింది. ఆ తర్వాత గుళ్ళో పిల్లలకి బైబిలు కథలు చెప్పే ఉపదేశిగారి మనవరాలికి. ఆ తర్వాత శౌరమ్మ తమ్ముడికే వచ్చింది. వాడు కళ్ళు తెరవడు, నీళ్ళు మింగడు.

అప్పుడు గుసగుసలు మొదలయ్యాయి. "ఇదంతా ఆగ్నేసమ్మ చేతబడే!"

ఆగ్నేసమ్మ ఊరి చివర మేకలతో ఉండే ముసలి మంత్రసాని. ఒక కంట్లో పువ్వు. తనలో తనే గొణుక్కుంటుంది. ఆమె ఎదురైతే శౌరమ్మ పరుగో పరుగు.

పండుగ పొద్దున మంచులో అందరూ రాళ్ళు పట్టుకుని గుడికి బయల్దేరారు. సందు మలుపులో ఆగ్నేసమ్మ ఎదురైంది. ఆమె చేతిలోనూ రాయుంది. ఆమెకీ పండుగే కదా!

"చూశారా, మనల్ని కొట్టడానికి రాయి తెచ్చింది!" అని ఎవరో అరిచారు.

జనం గుమిగూడారు. అందరి చేతుల్లోనూ రాళ్ళే. భయమేస్తే నా చెయ్యి పట్టుకో.

అప్పుడు ఆ గుంపులో రాయప్ప అనేవాడు తన కండువా తీసి శౌరమ్మ మీద పడేశాడు. "పట్టుకోవే పిల్లా, చేతికి అడ్డమొస్తోంది." ఆ తర్వాత ఇన్నయ్య అని ఇంకొకడు తన కండువా ఇచ్చాడు. ఆ తర్వాత శౌరమ్మ నాన్న చిన్నప్ప. కొడుకు పక్కన నిద్రకాచిన ఆయన కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి.

అయినా ఆగ్నేసమ్మ నోరు తగ్గలేదు. "ఏరా రాయప్పా, నిన్ను భూమ్మీద పడేసింది ఈ చేతులేరా! ఆ రోజు ఊరదిరేలా ఏడ్చావు. ఇప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావు?"

ఎవరూ నవ్వలేదు. చిన్నప్ప చెయ్యి పైకి లేచింది.

అప్పుడు శౌరమ్మకి ఉపదేశిగారి మాట గుర్తొచ్చింది. స్తెఫానును కొట్టినవాళ్ళు కూడా పైబట్టలు తీసి ఒకతని దగ్గర పెట్టారట. అతను రాయి విసరలేదు. బట్టలకి కాపలా ఉన్నాడంతే. అయినా ఆ చావులో అతనికీ పాలుంది. చూడమ్మా, చేత్తో కొట్టకపోయినా, కొట్టేవాడికి సాయం నిలబడితే కొట్టినట్టే.

'ఇప్పుడు ఆ కాపలా నాదే' అనుకుంది శౌరమ్మ. అరిస్తే ఆ గోలలో ఎవరికీ వినపడదు. ఏడిస్తే ఎవరూ చూడరు. ఇక కాళ్ళే మిగిలాయి. పరిగెత్తింది.

రెండు కండువాలు దుమ్ములో పడ్డాయి. మూడోది, నాన్నది, ఆగ్నేసమ్మ భుజాల చుట్టూ కప్పింది. ఆ ముసలిదాన్ని చూస్తే ఇంకా భయమే. అయినా నడుం పట్టుకుని వదల్లేదు.

"నాన్నా, ఇది నీ కండువా. ఇప్పుడు కొట్టు!"

చిన్నప్ప చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ తర్వాత మెల్లగా కిందికి దిగింది. రాయి నేల మీద పెట్టాడు. విసరలేదమ్మా, పెట్టాడు. ఆయన వెనకాల ఒక్కొక్క రాయే నేలకి దిగింది.

గుడిలో గురువుగారు ఎర్ర వస్త్రాల్లో ఎదురుచూస్తున్నారు. వేదసాక్షుల పండుగకి ఎరుపే వేస్తారు. "ఏమయ్యా, వట్టి చేతులతో వచ్చారు? రాళ్ళేవి?" అన్నారు.

"దారిలోనే పెట్టేశాం గురువుగారూ" అన్నాడు చిన్నప్ప, తల ఎత్తకుండా.

ఆ ఏడు స్తెఫాను పాదాల దగ్గర ఒక్కటే రాయుంది. ఆగ్నేసమ్మది.

తమ్ముడి సంగతా? బతికాడులే. పట్నం ఆసుపత్రి మందుకి తగ్గింది. ఆ జ్వరం చేతబడికి వచ్చిందీ కాదు, రాళ్ళకి పోయేదీ కాదు.

కథ వెళ్ళె కంచికి,
కునుకు వచ్చె కంటికి.